నూలు గదిలో క్లాసు

చంద్రిక తన మొట్టమొదటి ఆన్‌లైన్ క్లాసులో మైకు తెరిచి ఉంచింది పదకొండు సెకన్లు.

హరినాథ్ సార్ ఒక్కొక్కరినీ పేరూ ఊరూ అడుగుతూ వస్తున్నాడు. తన వంతు రాగానే ఆమె గొంతు సవరించుకుని, "నమస్తే సార్, నా పేరు చంద్రిక, మాది నగరి" అంది. ఆ ముక్కలు ఎవరికీ చేరలేదు. క్లాసులో ఉన్న నూటముప్పై మంది చెవుల్లో ఒక్కసారిగా పడింది చంద్రిక ఇంటి మరమగ్గాల మోత. తెర మీద చిన్న చిన్న గళ్లలో ఉన్న మనుషులు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు లాగేసుకోవడం ఆమెకు స్పష్టంగా కనిపించింది.

"ఏమ్మా, రైల్లో ఉన్నారా? దిగినాక మాట్లాడుదురులే" అన్నాడు సార్.

ఆయన ఎగతాళిగా అనలేదు. అయినా చంద్రికకు మొహం వేడెక్కిపోయింది. మైకు మూసేసింది. దాంతోపాటు కెమెరా కూడా. ఆ సెమిస్టరంతా మళ్లీ రెండూ తెరవలేదు.

వాళ్లుండే వీధిలో ఇరవై ఎనిమిది ఇళ్లుంటే, ఇరవై రెండిళ్లలో మరమగ్గాలే. పొద్దున ఏడుకు ఎవరో ఒకరు మొదలుపెడితే పావుగంటలో వీధంతా ఒకటే దడదడ. చంద్రిక అత్తవారింట్లో ముందు షెడ్డులో నాలుగు మగ్గాలు, దాన్నానుకుని నూలు పెట్టుకునే గది, వెనక రెండు గదులూ వంటిల్లూ. ఆ మోత ఆమెకు కొత్తేమీ కాదు. మామ కోదండం ఆమెకు సొంత మేనమామ. చిన్నప్పుడు పుత్తూరు నుంచి సెలవులకు వచ్చి, ఆ మోతలోనే ఒళ్లెరగకుండా నిద్రపోయేది. ఇంటర్ అయ్యాక ఆయన కొడుకు మురుగేష్‌కే ఇచ్చి పెళ్లి చేశారు. తర్వాత మగ్గాలకు నూలు కండెలు చుట్టడం, వంట, కూతురు పూజిత. చూస్తుండగానే ఎనిమిదేళ్లు.

పూజితను ఒకటో తరగతిలో చేర్చి వచ్చిన రోజు, "నేను గూడా చేరతా" అంది చంద్రిక. కంప్యూటర్ చదువు, బీసీఏ, ఇంట్లో కూర్చునే మూడేళ్లలో పూర్తి చేయవచ్చు. మురుగేష్ మర్నాడే ఒక పాత ల్యాప్‌టాప్ వెతికి తెచ్చాడు. అత్త మునిరత్నమ్మ, "సాయంత్రం బిడ్డను నేను సూసుకుంటాలే" అంది. ఒక్కరూ కాదనలేదు. చంద్రికకు అదే ఇబ్బందైపోయింది. ఎవరైనా అడ్డుపడి ఉంటే, తప్పిన రోజున వాళ్ల మీదికి తోసేయడానికైనా ఉండేది.

తప్పనే తప్పింది. శని ఆదివారాలు సార్లు నేరుగా చెప్పే క్లాసులు. మిగతా రోజుల పాఠాలు వీడియోలు. "రికార్డయి ఉండాది గదా, ఎప్పుడైనా సూసుకోవచ్చు" అనుకుంది. ఆ ఎప్పుడైనా అనే రోజు వారంలో ఎక్కడా రాలేదు. సోమవారానిది మంగళవారానికి, మంగళవారానిది ఆదివారానికి జరిగి, చివరికి అరవై ఒక్క వీడియోలు పేరుకుపోయాయి. ప్రోగ్రామింగ్ మౌఖిక పరీక్ష రోజు వంటింట్లో తలుపేసుకుని కూర్చుంది. సార్ ప్రశ్న ఆమెకు వినపడలేదు, ఆమె జవాబు సార్‌కు వినపడలేదు. ఆయన రెండుసార్లు మళ్లీ ప్రయత్నించి, విచారంగా తల ఊపి వదిలేశాడు. ఫలితాలొచ్చినప్పుడు ఆ ఒక్క సబ్జెక్టు పోయింది. మిగతావి గీత మీద గట్టెక్కాయి.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు కోదండమే అడిగాడు. నలభై ఏళ్లు మగ్గాల మధ్య ఉన్న మనిషి, చెవులు మందం. తనకు వినపడదు గనక ఎదుటివాళ్లకూ వినపడదనుకుని అరిచి మాట్లాడతాడు.

"ఏం పాపా, పరీచ్చలు ఏమైనాయి?"

"ఒకటి పోయింది మామా."

"ఎన్నిట్లో?"

చంద్రిక అయిదు వేళ్లు చూపించింది.

"అట్లయితే నాలుగు వొచ్చినాయి గదా. దానికెందుకు మొగం అట్ల పెట్టుకున్నావు?" అని ఆయన మగ్గం దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ మాట పక్కింటికి కూడా వినపడే ఉంటుంది. చంద్రికకు చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

రెండో సెమిస్టరు మొదలైన వారానికి, క్లాసు వాట్సప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. "నా పేరు పద్మాక్షి. తిరుపతి. నాకు యాభై ఏడేళ్లు. ఫర్ లూప్ అంటే ఏమిటో వీడియో మూడుసార్లు చూసినా అర్థం కాలేదు. అర్థమైన వాళ్లెవరైనా పసిపిల్లకు చెప్పినట్టు చెప్పగలరా?"

నూటముప్పై మందిలో ఇద్దరు దండం బొమ్మ పెట్టారు. ఇంకెవరూ పలకలేదు. చంద్రిక ఆ మెసేజ్‌ను కండెలు చుడుతూ రెండుసార్లు చదివింది. ఇంత పెద్దావిడ, ఇంతమంది ముందు, నాకు తెలీదని సంకోచం లేకుండా ఎలా రాసింది? అది అలా ఉండగా, ఆ లూప్ సంగతి మాత్రం చంద్రికకు తెలుసు. పాఠం విని తెలుసుకున్నది కాదు, చిన్నప్పటినుంచీ కళ్లెదుట తిరుగుతున్నదే. ధైర్యం చేసి ఆవిడ ఒక్కదానికే గొంతు రికార్డు చేసి పంపింది.

"అమ్మా, మా మగ్గం మీద అట్టలు తిరగతా ఉంటాయి. సిల్లులు కొట్టిన అట్టలు. ఏ పోగు లెయ్యాల్నో, ఏ పోగు గమ్మున ఉండాల్నో ఆ సిల్లులే సెప్తాయి. ఒక పువ్వుకు అరవై అట్టలు. ఒకటి, రెండు, మూడు, అట్ల అరవై దాకా పోయి మళ్లా ఒకటికి వొస్తాది. లూప్ అంటే అంతే. ఎన్నితూర్లు తిరగాల్నో ముందే సెప్పకుంటే, చీర అయిపోయినా పువ్వులు నేస్తానే ఉంటాది."

పది నిమిషాలకు ఫోన్ మోగింది.

"నగరి చంద్రికవి నువ్వేనా అమ్మా? ఆ మోత వెనకాల నీ మాట పట్టుకోవడానికి నాలుగుసార్లు విన్నాను. నాలుగోసారి వింటుంటే, నేను చేస్తున్నదే లూప్ కదా అనిపించింది. అర్థమైపోయింది."

పద్మాక్షి ఒక ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసి, తొందరగానే విరమించుకున్న మనిషి. మొదట టైపు మిషను, తర్వాత కంప్యూటరు. "ఈ బటన్ నొక్కండి, ఆ బటన్ నొక్కండి అని చెప్పారే గానీ, నొక్కితే లోపల ఏం జరుగుతుందో ఒక్కరూ చెప్పలేదమ్మా. తెలుసుకోకుండా ఊరుకోవడం నావల్ల కాదు. మా ఆయన భాగవతం చదువుకుంటారు, నేను ఇది చదువుకుంటాను" అంది.

ఆ వారంలోనే ఇద్దరికీ ఒక ఏర్పాటు కుదిరింది. పొద్దున అయిదున్నరకు ఫోన్. అప్పటికి తిరుపతిలో పద్మాక్షి ముగ్గేసి, దీపం పెట్టి, కాఫీ గ్లాసుతో కూర్చుని ఉంటుంది. నగరిలో ఇంకా ఒక్క మగ్గమూ కదలదు.

"ముందు చెప్పు, ఎన్ని పాఠాలు మిగిలిపోయాయి నీకు?" అని మొదటిరోజే అడిగింది.

"అరవై ఒకటి" అంది చంద్రిక, గొంతు తగ్గించి.

"వాటిని అలాగే ఉండనీ. ఇవాళ్టి పాఠం ఇవాళ చూడు. పాతవాటిలో రోజుకొకటి, అంతకంటే వద్దు. అన్నీ ఒకేసారి చూసేద్దామని కూర్చునేవాళ్లు ఒక్కటీ చూడరు."

"మీకెట్ల తెలుసమ్మా?"

"నాకు నలభై నాలుగు మిగిలాయి కనక."

పద్ధతి ఇదీ. నిన్న చూసిన పాఠాన్ని పుస్తకం మూసి ఒకరు చెప్పాలి, రెండోవారు వినాలి. మర్నాడు వంతు మారుతుంది. తేలికే అనుకుంది చంద్రిక. మొదటిసారి తన వంతు వచ్చినప్పుడు, వీడియో చూస్తున్నంతసేపూ తల ఊపిన పాఠంలో రెండు వాక్యాల తర్వాత ఏమీ మిగల్లేదు. ఆవిడ ఏమీ అనకుండా కాఫీ తాగుతూ కూర్చుంది. ఆ మౌనానికి భయపడి చంద్రిక ఆ రోజే ఒక పొడుగాటి నోటు పుస్తకం కొనుక్కుంది. వీడియో అయిదు నిమిషాలు నడపడం, ఆపడం, విన్నది తన మాటల్లో రాసుకోవడం. చదువుకునే గంటసేపూ ఫోనును అత్త బొడ్డులో దోపుకునేది. "ఎవురో కొట్టుకుంటా ఉండారు దీంట్లో, టింగు టింగు మంటాది" అని మునిరత్నమ్మ సణిగేది గానీ, గంట అయ్యేదాకా ఇచ్చేది కాదు.

సార్లను అడగడం కూడా అప్పుడే నేర్చుకుంది. మాట్లాడలేకపోతే రాయొచ్చు కదా అని పద్మాక్షి పట్టుబడితే, ఒక సందేహాన్ని మూడుసార్లు కొట్టేసి నాలుగోసారి హరినాథ్ సార్‌కు పంపింది. సాయంత్రానికల్లా రెండు పేరాల జవాబు, చివర "మంచి ప్రశ్న" అని. ఆ రెండు మాటలూ మురుగేష్‌కు చూపించింది, అత్తకు చూపించింది, ఇంకా సరిగా చదవడం రాని పూజితకు కూడా చదివి వినిపించింది.

ఏప్రిల్ నాటికి పాత పాఠాలు పదకొండుకు దిగాయి. అప్పుడు మౌఖిక పరీక్షల తేదీలు వచ్చాయి. అయిదు కొత్తవి, పోయినది ఒకటి, మొత్తం ఆరు. ఆరు వేర్వేరు రోజులు, అన్నీ పగటిపూట, మైకూ కెమెరా తప్పనిసరి. గదిలో ఇంకెవరూ ఉండకూడదు.

"మా ఇంటికి వచ్చెయ్" అంది పద్మాక్షి.

"ఈసారికి వొస్తానమ్మా. ఇంకా నాలుగు సెమిస్టర్లు ఉండాయి. పూజితను ఇడిసిపెట్టి ఎన్నితూర్లు వొచ్చేది?"

"మన మగ్గాలు ఆపేస్తాలే" అన్నాడు మురుగేష్. కానీ మిగతా ఇరవై ఒక్క ఇళ్ల సంగతేమిటి? మన పరీక్షకు వాళ్ల పని ఆపమని అడగడానికి ఇద్దరికీ నోరు రాదు. కరెంటు పోతే వీధంతా నిశ్శబ్దమే. కరెంటు పోతే నెట్టూ పోతుంది.

ఒక పనిదినాన మొగుడూ పెళ్లాం బండెక్కి నగరిలో నిశ్శబ్దం వెతకడానికి బయల్దేరారు. పద్మాక్షి ఫోన్‌లో తీర్పరి. మొదట మురుగేష్ స్నేహితుడు జయచంద్ర ఇల్లు, రైల్వేస్టేషను పక్కన. మగ్గాల్లేవు. నాలుగు మాటలు మాట్లాడేసరికి చెన్నై బండి కూత పెట్టుకుంటూ వచ్చింది. "అక్కడ వద్దు" అంది పద్మాక్షి. తర్వాత ఒక బడి గది. పక్కనే కల్యాణమండపం, అందులో ఎవరిదో నిశ్చితార్థం, నాదస్వరం. "సన్నాయి బాగుంది. పరీక్షకు పనికిరాదు." చివరికి ఊరి బయట ఒక మామిడితోపు. అక్కడ నిజంగానే చప్పుడు లేదు.

"అమ్మా, ఇప్పుడెట్ల ఉండాది?"

"ఏదో పిట్ట పలుకుతోంది, అది చక్కగా వినపడుతోంది. నువ్వు మాత్రం ముక్కలు ముక్కలుగా వస్తున్నావు" అంది పద్మాక్షి. ఆ పైన సిగ్నలే పోయింది.

ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డ ఇద్దరినీ చూసి కోదండం, "యాడికి పొయ్యొస్తిరి ఇంత ఎండలో?" అన్నాడు. మురుగేష్ చెప్పాడు. వినపడలేదు. ఇంకోసారి చెప్పాడు. మూడోసారి చంద్రిక చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. ఆయన ఇద్దరినీ వింతగా చూశాడు.

"దానికి ఊరంతా తిరగాల్నా? నూలు గదిలో కూసో."

మురుగేష్ నవ్వాడు. "నాయనా, నూలు గది మగ్గాల పక్కనే గదా ఉండాది. గోడవతల దడదడమంటా ఉంటే ఈమె ఏం మాట్లాడేది?"

"నీకేం తెలుసురా. నేను పిల్లప్పుడు మా నాయనకు దొరక్కుండా దాంట్లోనే పండుకుంటా ఉన్న్యా. ఆయన తలుపు కాడ నిలబడి నన్ను పిలస్తా ఉన్న్యాడంట. నాకు ఒక్క మాట ఇనపడిందా? అప్పుడు నా చెవులు బాగానే ఉన్న్యాయి."

నమ్మకం లేకపోయినా చంద్రిక ఫోన్ తీసుకుని లోపలికి వెళ్లింది. నేల నుంచి కప్పు దాకా నూలు మూటలు. తెలుపు, పసుపు, ముదురు నీలం. మధ్యలో ఒక మనిషి నిలబడేంత సందు. తలుపు వేసింది. మోత ఉంది, కానీ ఎక్కడో పక్క ఊళ్లో ఉన్నట్టుంది. నోరు తెరిచి ఒక మాట అంటే, ఆ మాట పొడిగా, దగ్గరగా, తన గొంతే తనకు కొత్తగా వినిపించింది. పద్మాక్షికి ఫోన్ చేసింది.

"చెప్పు. ఏమిటి, కరెంటు పోయిందా మీకు?" అంది ఆవిడ.

"లేదమ్మా, నాలుగు మగ్గాలూ ఆడతానే ఉండాయి."

"అయితే ఇంక అక్కణ్ణించి కదలకు" అంది ఆవిడ.

మర్నాడు కోదండం ఎవరినీ చెయ్యి వేయనివ్వకుండా తనే మూటలు జరిపాడు. మూడు గోడలకూ నూలు దట్టంగా ఆనించి, మధ్యలో ఒక చిన్న బల్ల, కుర్చీ. తలుపు వెనక పాత జంపఖానా రెండు మడతలు వేసి మేకులు కొట్టాడు. మురుగేష్ పైన కిటికీలోంచి నెట్టు తీగ లాగి, దాని పెట్టెకు ఒక ఇన్వర్టరు తెచ్చి కలిపాడు. ఉక్క పోసేది. చంద్రిక పట్టించుకోలేదు. పగటిపూట చదువుకోవడానికి ఒక చోటు దొరికింది, అదే పదివేలు. ఆ శనివారం క్లాసులో మైకు తెరిచి, "సార్, నాకొక సందేహం" అంది. ఎవరూ ఇయర్‌ఫోన్లు లాగేసుకోలేదు. సార్ జవాబు చెప్పి తర్వాతి విషయానికి వెళ్లిపోయాడు. అంత మామూలుగా జరిగిపోయినందుకు ఆమెకు ఆనందం ఆగలేదు.

పోయిన పరీక్ష మళ్లీ మే నెల మొదట్లో, పదకొండు గంటలకు. తెర మీద హరినాథ్ సార్. మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు తడుముకోకుండా వచ్చింది. మూడోది చెబుతుండగా వెనక తలుపు తెరుచుకుంది. ఆ దడదడ అంతా ఒక్కసారి లోపలికి దూకింది. దాని వెంట కోదండం.

"పాపా, ఆ నీలం నూలు యాడ పెట్నానో మర్సిపోయినా."

సార్ మొహం మారింది. "ఎవరమ్మా అది? గదిలో ఎవరూ ఉండకూడదు కదా."

మొదటి సెమిస్టరు చంద్రిక అయితే అక్కడితో కెమెరా మూసేసేదే. ఈసారి చెయ్యి ల్యాప్‌టాప్ మూత దగ్గరికి పోలేదు. లేచి, కుడిపక్క మూట చూపించింది. కోదండం దాన్ని భుజానేసుకుని, తెరలో కనిపిస్తున్న సార్‌కు ఒక నమస్కారం పెట్టి, వెళ్తూ తలుపేశాడు. మళ్లీ నిశ్శబ్దం.

"మా మామ సార్. ఈ గది ఆయనదే. నేను పరీక్ష రాస్తున్నానని మరిచిపోయి వచ్చాడు. కావాలంటే గదంతా చూపిస్తాను" అంది.

"చూపించండి."

ల్యాప్‌టాప్ ఎత్తి చుట్టూ తిప్పింది. ఒక గోడ తెల్ల నూలు, ఒక గోడ పసుపు, కప్పు దాకా మూటలు, బల్ల కింద ఏమీ లేదు. ఒక మూల మేకుకు పాత అట్టల దండ వేలాడుతోంది. సార్ అక్కడ ఆపమన్నాడు.

"అవేమిటి?"

"డిజైన్ అట్టలు సార్."

"నా నాలుగో ప్రశ్న ఒక లూప్‌లో ఇంకో లూప్ గురించి. మీరు దాంతో చెప్పగలరా?"

చంద్రిక ఆ దండను మేకు మీంచి తీసింది. ఒక పువ్వుకు అరవై అట్టలు, అది లోపలి లూప్. చీరకు నూట ఇరవై పువ్వులు, అది బయటి లూప్. లోపలిది అరవైసార్లు పూర్తిగా తిరిగితేనే బయటిది ఒక్క అంకె ముందుకు పోతుంది. కొంగు దగ్గర అట్టలు మార్చాలి, అక్కడ ఒక షరతు. చెబుతూ చెబుతూ తెర మీద ఆ ప్రోగ్రాము రాసి నడిపి చూపించింది. మధ్యలో ఒకచోట తప్పు వచ్చింది. చూసుకుని, తనే దిద్దుకుంది. ఇరవై నిమిషాల పరీక్ష ముప్పై అయిదు నిమిషాలు సాగింది.

"తలుపుకు గడియ పెట్టుకోండమ్మా వచ్చేసారి. అది నియమం" అన్నాడు సార్ చివర్లో. ఆ పైన, "ఆ దండ ఒక్కసారి దగ్గరగా పెట్టండి, ఫోటో తీసుకుంటాను. మిగతా విద్యార్థులకు చూపిస్తాను" అన్నాడు.

జూన్ చివర్లో ఫలితాలొచ్చాయి. ఆరూ పాసు. ఈ సెమిస్టరు ప్రోగ్రామింగ్‌లో క్లాసు మొత్తానికి మూడో స్థానం. పద్మాక్షి తొమ్మిదో స్థానంలో ఉంది. "నీ నోటి నుంచి విన్నది నేను పరీక్షలో రాసి తొమ్మిది, నువ్వు మూడు. ఇది న్యాయమేనా?" అని ఫోన్ చేసి మరీ అడిగింది. కోదండానికి చెబితే ఆయన ఈసారి ఎన్నిట్లో అని అడగలేదు. షెడ్డులోకి వెళ్లి, నాలుగు మగ్గాల వాళ్లకూ వినపడేలా చెప్పాడు. ఆ మోతలో వినపడేలా చెప్పగలిగింది ఆ వీధిలో ఆయన ఒక్కడే. సాయంత్రం పక్కవీధి రూపశ్రీ వచ్చి, తను కూడా ఆన్‌లైన్‌లో బీఏ చదువుతున్నానని, మధ్యాహ్నాలు ఆ గది ఖాళీ ఉంటుందా అని అడిగింది. గది ఎవరికి ఏ గంటలో రాసిపెట్టే పని మునిరత్నమ్మ పూజితకు అప్పగించింది.

జూలైలో ఒక ఆదివారం పద్మాక్షి నగరికి వచ్చింది. ఆరు నెలలు రోజూ మాట్లాడుకున్న ఇద్దరూ ఒకరినొకరు నేరుగా చూడడం అదే మొదలు. బస్టాండులో దిగిన ఆవిడ, చంద్రిక అనుకున్నదానికంటే బాగా పొట్టి. చేతిలో పులిహోర డబ్బా, భుజాన ల్యాప్‌టాపు సంచీ.

"నువ్వింత పొడుగనుకోలేదే" అంది ఆవిడ తల పైకెత్తి.

ఆవిడ కోసం కోదండం సెలవురోజైనా ఒక మగ్గం నడిపాడు. తిరుగుతున్న అట్టల కింద ఆవిడ నిలబడి చాలాసేపు చూసింది. వేళ్ల మీద అరవై దాకా లెక్కపెట్టింది. పువ్వు పూర్తయ్యి మొదటి అట్ట మళ్లీ రాగానే చంద్రిక చెయ్యి పట్టుకుని ఏదో అంది. మోతలో ఒక్క ముక్కా వినపడలేదు. ఇద్దరూ నవ్వుకుంటూ నూలు గదిలోకి నడిచి తలుపేసుకున్నారు.

"ఇప్పుడు చెప్పండమ్మా, ఏమన్నారు?"

"కొత్త సెమిస్టరు రేపటి నుంచి కదా. మొదటి పాఠం చెప్పే వంతు ఎవరిదీ అని అడిగాను."

"మీదే. పోయినసారి చివరిది నేను చెప్పినా."

"కాదే, ఆ రోజు మధ్యలో నీకు గొంతు పోతే సగం నేనే చెప్పాను. నీదే" అంది పద్మాక్షి కుర్చీ లాక్కుని. చంద్రిక నోటు పుస్తకం తెచ్చి వంతులు రాసుకున్న తేదీలు వెతకడం మొదలుపెట్టింది.